తెల్ల అంచు వెనక మందూ లేదు, మోసమూ లేదు

పోయిన నెలలో ఒకే మెసేజ్‌ను నాకు పదకొండు మంది పంపారు. అందులో ముగ్గురు మా దగ్గర మొక్కలు కొన్నవాళ్ళు. అమలాపురం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "ఇది నిజమేనాండీ? పక్కన మల్లె మొక్కలున్నాయి, దీన్ని పీకేయమంటారా?" అని టెన్షన్ పడుతూ అడిగారు. ఆవిడ గొంతు విన్నాక జవాబు రాయాల్సిందే అనిపించింది.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ: "వేరిగేటెడ్ బ్రగ్మాన్సియా కొనకండి. ఆకుల మీద ఆ తెలుపు సహజం కాదు, నర్సరీల్లో మందు కొట్టి తెప్పిస్తారు. అది వైరస్ కూడా, పక్క మొక్కలకు అంటుకుంటుంది. ఆర్నెల్లకు పచ్చగా మారిపోతుంది, మోసానికి అదే రుజువు. అసలు రకం కావాలంటే గింజలతో పెంచండి. తెల్ల ఆకులో విషం కూడా ఉండదు."

నేను కడియపులంక దగ్గర చిన్న నర్సరీ నడుపుతున్నాను. ఈ మొక్కలు అమ్ముతాను కూడా. కాబట్టి నా మాటను అనుమానంతోనే చదవండి. ఇందులో చాలావరకు మీ కుండీ దగ్గర నిలబడి మీరే సరిచూసుకోవచ్చు.

మొక్క తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వేరిగేటెడ్ అంటే ఆకుల మీద తెల్ల అంచో, చారలో ఉన్న రకం. బ్రగ్మాన్సియా మన ఉమ్మెత్తకు దగ్గరి చుట్టం. ఉమ్మెత్త పువ్వు పైకి చూస్తుంది, దీని పువ్వు పొడవాటి బూరలా కిందికి వేలాడుతుంది, సాయంత్రం అయ్యేసరికి పెరడంతా వాసన. ఉమ్మెత్త కాయకు ముళ్ళుంటాయి, దీని కాయ నున్నగా ఉంటుంది. 1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని ఉమ్మెత్తల్లోనే కలిపేశాడు. 1805లో పెర్సూన్ అనే మరో శాస్త్రవేత్త విడదీసి, బ్రుగ్‌మన్స్ అనే డచ్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇప్పుడు అక్కడి అడవుల్లో కూడా దానంతటది బతుకుతున్న బ్రగ్మాన్సియా లేదు. ఏడు జాతులూ అడవిలో అంతరించాయని 2014లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ జాబితాకెక్కాయి. ఎవరో ఒకరు కొమ్మ విరిచి నాటుతూ వచ్చారు కాబట్టే ఈ మొక్క ఇంకా భూమ్మీద ఉంది.

ఇక మందు సంగతి. ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు, ఒప్పుకుంటాను. పింక్ కాంగో అనే ఫిలోడెండ్రాన్‌కు (ఇళ్ళల్లో ఆకుల అందం కోసం పెంచే మొక్క) రసాయనంతో గులాబీ రంగు తెప్పించి చాలా దేశాల్లో అమ్మారు. కొత్త ఆకులు కొన్ని నెలలకే పచ్చగా వచ్చాయి, కొన్నవాళ్ళు నష్టపోయారు. కానీ మందుతో వచ్చిన రంగు మందు పనిచేసినన్నాళ్ళే ఉంటుంది. మా తెల్ల అంచు తల్లి మొక్క ఆరేళ్ళుగా ఉంది. దాని కొమ్మ, ఆ కొమ్మకు పుట్టిన మొక్క కొమ్మ, ఇలా నాలుగు తరాలు నాటాం. లంక మట్టి, కొబ్బరి పొట్టు, మాగిన గేదె ఎరువు తప్ప వాటికి ఏమీ పడలేదు. నాలుగో తరంలోనూ అంచు అలాగే వస్తోంది.

వైరస్ అన్న మాటకు ఎక్కువ చోటు ఇవ్వాలి, ఎందుకంటే భయం పుట్టించింది అదే, అందులో కొంత నిజమూ ఉంది. వైరస్ వల్ల ఆకులకు, పూలకు రంగు చారలు రావడం ఉన్నదే. ఒకప్పుడు యూరప్‌లో జనం ఆస్తులు అమ్మి కొన్న చారల తులిప్ పూలకు ఆ చారలు వైరస్ వల్లే వచ్చాయి. అబుటిలాన్ అనే పూల మొక్కలో పసుపు మచ్చల రకం కూడా అంతే. మన డెల్టా రైతుకు ఇది కొత్త కాదు. మినుములో, బెండలో పల్లాకు తెగులు చూడని చేను ఉండదు, దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. బ్రగ్మాన్సియాకూ వైరస్‌లు వస్తాయి, వాటిని ఎక్కువగా పేనుబంక తెస్తుంది.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. వైరస్ పట్టిన ఆకులో పసుపు, ఆకుపచ్చ కలగాపులగంగా ఉంటాయి, హద్దు ఉండదు. ఆకు ముడత పడుతుంది, వంకర తిరుగుతుంది, పువ్వు రేకు మీద కూడా గీతలు రావచ్చు. సహజమైన చారల ఆకులో గట్టు వేసినట్టు హద్దు కనిపిస్తుంది: నడుమ ముదురు పచ్చ, పక్కన బూడిద కలిసిన లేత పచ్చ, అంచున మీగడ రంగు. ఇంకా గట్టి పరీక్ష అంటు కట్టడం. వైరస్ అయితే అంటు దాటి కింది మొక్కలోకి దిగుతుంది. నేను మామూలు పచ్చ మొక్క మీద తెల్ల అంచు కొమ్మను అంటు కట్టి ఏడాది ఉంచాను. కింది మొక్క నుంచి ఎన్ని చిగుళ్ళు వచ్చినా అన్నీ పచ్చగానే వచ్చాయి. అమలాపురం ఆవిడకు అదే చెప్పాను: మీ మల్లెలకు ఏమీ కాదండీ.

ఇనుము లోపం కూడా చాలామందిని తికమక పెడుతుంది. సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట ఇది ఎక్కువ చూస్తున్నాను. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే ఆ పసుపు తగ్గుతుంది. సహజమైన తెల్ల అంచు దేనికీ తగ్గదు. అలా పాలిపోయిన మొక్కనే వేరిగేటెడ్ అని అంటగట్టేవాళ్ళు లేకపోలేదు. కొనేముందు ముదురు ఆకులు కూడా చూడండి.

"ఆర్నెల్లకు పచ్చగా మారిపోతుంది, అదే రుజువు." పచ్చ కొమ్మ రావడం నిజం. అది మోసానికి రుజువు కావడమే అబద్ధం.

కొమ్మ కొసన చిగురు లోపల కణాలు ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొరగా ఉంటాయి. పై పొర ఆకుకు తొడుగవుతుంది. రెండో పొర ఆకు అంచును నింపుతుంది, పుప్పొడికీ గింజకూ మూలమయ్యేది కూడా ఇదే. లోపలి మూడో పొర ఆకు నడిమి భాగంలోకి, కాండం లోపలికి పోతుంది. ఏ పొర కణాలు ఆ పొరలోనే పెరుగుతాయి. ఎప్పుడో ఒకనాడు రెండో పొరలోని ఒక కణంలో హరితరేణువులు పచ్చదనం తయారుచేసే శక్తిని కోల్పోతాయి. ఆ కణం సంతతి మెల్లగా పొరంతా నిండితే, ఆ కొమ్మ ఆకులు నడుమ పచ్చగా, అంచున తెల్లగా వస్తాయి. మొగ్గలో దానంతటదే పుట్టిన ఈ మార్పునే స్పోర్ట్ అంటారు. ఇలా రెండు రకాల కణాలు కలిసి బతికే మొక్కకు 1907లో వింక్లర్ అనే శాస్త్రవేత్త కైమెరా అని పేరు పెట్టాడు. 1909లో బౌర్ అనే మరో శాస్త్రవేత్త తెల్ల అంచు జెరేనియంలు చూసి పొరల లెక్క విప్పాడు.

రెండు పొరల మధ్య గోడ ఏమీ లేదు. పచ్చ పొరలోని కణం ఒకటి పక్క పొరలోకి జరిగితే అక్కడి నుంచి పచ్చ కొమ్మ లేస్తుంది. దానికి ఆకంతా పత్రహరితమే కాబట్టి తిండి ఎక్కువ, పెరుగుదల ఎక్కువ. పట్టించుకోకపోతే రెండు వానాకాలాల్లో చారల కొమ్మల్ని మింగేస్తుంది. 2022 జులై గోదావరి వరదలో లంక ఊళ్ళో మా బంధువుల పెరట్లో మొక్క నీటిలో నాని పై భాగమంతా చచ్చిపోయింది. వేర్ల నుంచి మళ్ళీ లేచిన పిలకలన్నీ చార లేకుండా పచ్చగా వచ్చాయి. వాళ్ళు మొక్క మారిపోయిందనుకున్నారు. వేరు మీద మొగ్గ పుట్టేది లోపలి కణజాలం నుంచి, ఆ మొక్కలో లోపలిది పచ్చ. అందుకే అలా జరిగింది. ఎర్ర అరటి తోటలో అప్పుడప్పుడు ఒక పిలక పచ్చ గెల వేస్తుంది కదా, అది కూడా మొగ్గ మార్పే. పిలక ఇచ్చినవాడు మోసం చేశాడని ఏ రైతూ అనడు.

కాబట్టి చేయాల్సింది కనిపెట్టుకుని ఉండటం. పచ్చ కొమ్మ కనబడగానే కొస తుంచి వదిలేయకండి. కిందికి వెతికి, చక్కటి చారలున్న ఆకు దొరికిన కణుపు పైన కోయండి. పూర్తిగా తెల్లగా వచ్చిన కొమ్మనూ తీసేయండి, అది సొంతంగా తిండి చేసుకోలేదు. నాటడానికి కొమ్మ ఎంచుకునేటప్పుడు కాండం చుట్టూ అన్ని వైపులా ఆకులకు చార సమంగా ఉందా చూడండి. ఒక వైపే చార ఉంటే, రెండో వైపు మొగ్గ నుంచి పచ్చ మొక్కే వస్తుంది. కాండం రెండుగా చీలిన చోటుకు పైనున్న కొమ్మ నాటితే మొక్క పొట్టిగా ఉండగానే పూస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో తెల్ల అంచు మాడి గోధుమ రంగుకు తిరుగుతుంది, అదీ రోగం కాదు. కొబ్బరి చెట్ల నీడకో, షేడ్ నెట్ కిందికో జరపండి, రోజూ నీళ్ళు పెట్టండి.

గింజల సలహా దగ్గర నాకు నిజంగా బాధ వేసింది, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. చాలా బ్రగ్మాన్సియాలు తమ పుప్పొడితో తాము గింజ కట్టవు. ఒకే తల్లి నుంచి కొమ్మలుగా వచ్చినవి ఎన్ని ఉన్నా ఒక మొక్క కిందే లెక్క. మా నర్సరీలో నేను ఇంతవరకు కాయే చూడలేదు. ఒకవేళ గింజ కట్టినా అది రెండో పొర సంతానం. ఆ పొర తెల్లదైతే మొలక కూడా తెల్లగా వచ్చి, గింజలోని తిండి అయిపోగానే చచ్చిపోవచ్చు. 1909లోనే కోరెన్స్ అనే శాస్త్రవేత్త మన పెరటి చంద్రకాంత మొక్క మీద ఇది చూపించాడు: తెల్ల కొమ్మ మీది గింజలు, పుప్పొడి ఏ కొమ్మదైనా, తెల్ల మొలకలే ఇచ్చాయి. చారల మొలక ఎప్పుడైనా రావచ్చు, కానీ అది తల్లికి నకలు కాదు. రావులపాలెం నుంచి ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో కొన్న గింజలతో పెంచిన మొక్క తెచ్చాడు. పువ్వు పైకి చూస్తోంది, కాయకు ముళ్ళున్నాయి. ఉమ్మెత్త! మన కాలవ గట్టున ఊరికే దొరికేది.

విషం మాట మాత్రం ప్రమాదకరం. ఉమ్మెత్త, బ్రగ్మాన్సియా లాంటి మొక్కల్లో స్కోపలమైన్, అట్రోపిన్ లాంటి విషాలు ముఖ్యంగా వేర్లలో తయారై ఆకులకు ఎక్కుతాయి. ఆకు తెల్లగా ఉందా పచ్చగా ఉందా అన్నదానితో వాటికి పని లేదు. తింటే నోరు ఎండిపోతుంది, గుండె దడ పెరుగుతుంది, మతి తప్పుతుంది, ప్రాణం పోవచ్చు. కొమ్మలు కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే కనుపాప పెద్దదై రోజుల తరబడి చూపు మసకబారుతుంది. గ్లోవ్స్ వేసుకోండి. ఆయాసానికి ఆకు పొగ పీల్చడం లాంటివి అసలు వద్దు. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఆకుకు బదులు ఇది కోసేవాళ్ళూ ఉన్నారు, పిల్లలు ఆ పత్రి పట్టుకుని ఆడుకుంటారు, జాగ్రత్త. ఎవరైనా మింగితే చిట్కాలు చూడకుండా 108కి ఫోన్ చేయండి.

కిందటి శ్రావణంలో మా దగ్గర నీళ్ళు పెట్టే అక్క మామూలు పచ్చ మొక్క దగ్గర ఆగి నన్ను పిలిచింది. ఒక కొమ్మ మీద మూడు ఆకులకు ఒకవైపే పసుపు అంచు. ఎవరూ ఏమీ కొట్టలేదు, అంటు కట్టలేదు. ఆ వైపు మొగ్గలు మాత్రమే ఉండేలా కొమ్మలు కోసి ఐదు కవర్లలో నాటాం. మూడు పచ్చగా తిరిగాయి, ఒకటి తెల్లబడి పోయింది. ఐదోది ఇప్పుడు జానెడు ఎత్తుంది, చుట్టూ అంచు వస్తోంది. రోజూ పొద్దున్నే అక్క ముందు దాని దగ్గరికే వెళ్తుంది.