పెట్రోలు వాసన కొట్టిన బోరుకు

గౌరవనీయులైన బోరు గారికి,

మా చిన్నాయన చెలకలో, వేపచెట్టుకు తూర్పున, 320 అడుగుల లోతున, మూతి మీద బండరాయి మోస్తూ ఉన్న మీకు నమస్కారం. గారు అన్నానని ఉలిక్కిపడకు. మొన్న ఎండాకాలంలో మూడు రోజులు ఊరంతా నిన్ను అలాగే పిలిచింది. నాలుగో రోజు నుంచి ఏమని పిలుస్తోందో ఇక్కడ రాస్తే బాగుండదు.

నీ పుట్టుక నీకు గుర్తుందో లేదో. నీకు ముందు రెండు బోర్లు వేస్తే రెండూ దుమ్ము కక్కి ఊరుకున్నాయి. మూడోసారి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచే పెద్దమనిషిని పిలిపించాం. నీ చోటుకు రాగానే కాయ నిక్కి నిలబడింది. తమిళనాడు నంబరు రిగ్గు లారీ వచ్చి రాత్రంతా ఊరికి నిద్ర లేకుండా చేసింది. తెల్లారేసరికి ఇంచున్నర నీళ్లు పడ్డాయి. ఆ రాత్రి రిగ్గు తాగిన డీజిలుకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. అంటే నువ్వు మాకు నూనె ఇవ్వడం మాట అటుంచు, నూనె తాగే పుట్టావు.

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున మోటారు వేయగానే పైపులోంచి వచ్చిన నీళ్ల మీద సింగిడి రంగులు తేలాయి. చిన్నమ్మ బిందె పక్కన పెట్టి, "గ్యాస్‌నూనె వాసన కొడ్తాంది" అంది. బర్రె తొట్టిలో మూతి పెట్టి వెనక్కి జరిగింది. ఆ రోజు మొత్తానికి ఊళ్లో ఇంగితం ఉన్నది దానికొక్కదానికే.

ఎవరో తువ్వాల తడిపి అగ్గిపుల్ల గీశారు. భగ్గుమంది. అది ఫోన్లకెక్కింది. మధ్యాహ్నానికి కూల్‌డ్రింక్ సీసాలు, నీళ్ల క్యాన్లు పట్టుకొని చుట్టుపక్కల నాలుగూళ్లు దిగాయి. ఒకాయన ఏకంగా బండినే తోసుకొచ్చాడు, పెట్రోలు అయిపోయిందట. దాని టాంకులో నీ నీళ్లు పోసి కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి తెచ్చుకున్నాడు.

సాయంత్రానికి చిన్నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. పొద్దుగూకే వేళకు చెలక ధర ఎకరాకు ఎంతుండాలో తేల్చేశారు. రాత్రి ఎవరో ఆయన చెవిలో ఒక చేదు మాట వేశారు. నేల కింది నూనె పట్టాదారుది కాదు, సర్కారుది. చిన్నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "నా పాస్‌బుక్కుల ఏడు గుంటలు తక్కువ పడ్డది ఎవ్వనికి కనబడలే గని, 320 అడుగుల కింది నూనె మాత్రం కనబడ్తదా?"

మస్కట్‌లో పదేళ్లు ఆయిల్ క్యాంపులో వంట చేసి వచ్చిన మా బావ నీ నీళ్లు రెండు చుక్కలు వేలి మీద వేసుకొని రుద్ది, "ఇది క్రూడ్ కాదు. క్రూడ్ నల్లగ, బెల్లంపాకం లెక్క ఉంటది. ఇది బంకుల కొట్టిచ్చుకునే మాలు" అన్నాడు. పొలంలో వడ్లు పండుతాయి గానీ ఉడికిన అన్నం పండదు కదా, రిఫైనరీ పడని పెట్రోలు బోరులోంచి ఎట్లా వస్తుందని అడిగాడు. ఎవరు వింటారు? వంటమనిషికి నూనె సంగతి ఏం తెలుసన్నారు. నిజానికి ఊరు మొత్తంలో ముడిచమురును కళ్లారా చూసింది ఆయనొక్కడే.

పంచాయతీ గద్దె మీద రిటైర్డ్ సైన్సు సార్ క్లాసు పెట్టాడు. నూనె పుట్టాలంటే ఒకప్పుడు సముద్రమో సరస్సో ఉండాలి, దాని అడుగు బురదలో చచ్చిన జీవులు పొరలు పొరలుగా పడాలి, కోట్ల ఏళ్లు మగ్గాలి. మన కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. "ఓరుగల్లు అంటేనే ఒకే రాయి, ఏకశిల. ఊరి పేరే సర్వే రిపోర్టు. ఇక్కడ దొరికేది రాయి, లేదంటే తాటిచెట్ల మీది కల్లు." అందరూ నవ్వారు. కానీ సార్ చివర్లో ఒక మాట జారాడు. గ్రానైటులో నూనె పుట్టకపోయినా, వేరే ఎక్కడో పుట్టింది పగుళ్లలోంచి వచ్చి చేరొచ్చు. అంతకు ముందు చెప్పిన గంట పాఠం గాలికి పోయి ఆ చివరి మాటే ఊరంతా పాకింది. పాపం సార్, తానెంత నిజం చెప్పాడో ఆయనకే తెలియదు.

కుర్రాళ్లయితే ఇంకో వాదన ఎత్తుకున్నారు. కాళేశ్వరం దగ్గర మన మట్టిని గోదావరే కోట్ల ఏళ్లుగా మోసుకుపోయి సముద్రంలో పోసింది కదా, ఆ మట్టి పొరల కిందే కదా కాకినాడ గ్యాస్ ఉన్నది, మన వాటా ఏదని. ఇది నవ్వుకోవడానికి బాగానే ఉంది. రామగుండంలో 1980లో మొదలైన పాత ఎరువుల కర్మాగారం పక్కనున్న బొగ్గుతోనే యూరియా చేసేది. 1999లో మూసేశారు. 2021లో తెరిచిన కొత్తది కాకినాడ వైపు మల్లవరం నుంచి మొదలయ్యే పైపులైను గ్యాసుతో నడుస్తుంది. కాళ్ల కింద బొగ్గు పెట్టుకొని గ్యాసు కోసం ఎదురుచూస్తాం. 2025 వానాకాలంలో యూరియా కోసం మా చిన్నాయన చెప్పులు కూడా లైన్లో నిలబడ్డాయి.

నిన్నొక్కదాన్నే అనడం ధర్మం కాదులే. నీకు పెద్ద పెద్ద చుట్టాలున్నారు. 1996లో తమిళనాడులో రామర్ పిళ్లై అనే ఆయన నీళ్లలో ఏవో ఆకులు వేసి కాస్తే పెట్రోలు వస్తుందన్నాడు. పెద్ద పెద్ద వాళ్ల ముందు చేసి చూపించాడు. దేశం ఊపిరి బిగబట్టి చూసింది. తీరా సీబీఐ లెక్కన అది టాలుయిన్, నాఫ్తా లాంటి పెట్రోలియం సరుకులే కలిపిన మాలు. 2016లో కోర్టు మూడేళ్ల జైలు శిక్ష వేసింది. ఇరవై ఏళ్లు! ఆ తీర్పు వచ్చేలోపు ఎంతమంది ఎన్ని ఆకులు ఉడకబెట్టుకున్నారో. తప్పు ఆయన ఒక్కడిదే అనను. నీళ్లు పెట్రోలు కావాలని మనకు అంత కోరిక ఉన్నప్పుడు ఎవరో ఒకరు కాయక తప్పదు.

అంతకంటే పెద్దమనిషి తరహా చుట్టం ఒకటుంది. 2005లో కాకినాడ తీరంలో ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ కనిపెట్టిందని ప్రకటించారు. ఆ అంకెలో సున్నాలు లెక్కపెట్టడానికే మా సార్‌కు రెండుసార్లు కళ్లజోడు తుడవాల్సి వచ్చింది. తర్వాత బయటికి వచ్చిన గ్యాసు లెక్కపెట్టడానికి కళ్లజోడు అవసరం పడలేదు. 2015లో ప్రధాని దేశం చమురు దిగుమతి మీద ఆధారపడటం 2022 నాటికి 10 శాతం తగ్గాలన్నారు. అప్పుడు నూటికి 77 పీపాలు బయటి నుంచి వచ్చేవి. ఇప్పుడు 85 దాటాయి. 2025లో అండమాన్ సముద్రం, నూనె పడి దశ తిరిగిన దక్షిణ అమెరికా దేశం గయానా లెక్క అవుతుందన్న ఆశ పుట్టింది, సెప్టెంబరులో అక్కడి ఒక బావిలో గ్యాస్ ఆనవాళ్లు దొరికాయన్నారు. దొరకనీ. అందరం సంతోషిద్దాం. కాకపోతే మన దగ్గర నూనె కంటే వార్త ముందు రిఫైన్ అవుతుంది.

నిజంగా దొరికిన చోట సంగతి చూడు. రాజస్థాన్ బాడ్‌మేర్ ఎడారిలో మంగళ అనే క్షేత్రం 2004లో బయటపడింది. మంచి సరుకే, కానీ అంతా మైనం. చలికాలంలో కొబ్బరినూనె డబ్బా గడ్డకడితే మనం ఎండలో పెడతామా, ఆ నూనె ఎడారి ఎండలో కూడా గడ్డకడుతుంది. దాన్ని గుజరాత్ తీరం దాకా పంపడానికి దాదాపు 670 కిలోమీటర్ల పైపు వేసి, దారి పొడవునా దాన్ని వేడి చేస్తూ ఉండాలి. 2009లో గానీ నూనె పారలేదు. ఇప్పుడా బావులకూ వయసు మీద పడింది. అగ్గిపుల్ల గీసి వీడియో తీసినంత తేలిక కాదు ఆ పని.

మా వైపు కూడా ఒకటి జరిగింది. ఆదిలాబాద్ అడవిలో పవర్‌గూడ అనే గోండుగూడెం ఆడవాళ్లు కానుగ గింజలు ఏరి నూనె తీశారు. ఆ నూనె వాడితే గాలిలో కలవకుండా మిగిలే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్క కట్టి 2003లో ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. వచ్చింది 645 డాలర్లు. అప్పటి లెక్కన ముప్పై వేల రూపాయలకు అటూ ఇటూ. వాళ్లకు కొబ్బరికాయ నిక్కలేదు, రిగ్గు రాలేదు. గంపలు, నడుం నొప్పి, గానుగ, అంతే. నీ దగ్గరికి సీసాలతో వచ్చిన నాలుగూళ్లలో ఒక్కరికైనా ఆ గూడెం పేరు తెలుసేమోనని అడిగి చూశాను. ఒకాయన మాత్రం "అక్కడ కరెంటు ఆఫీసు ఉన్నదా?" అన్నాడు.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. మక్కలు, నూకలు, చెరకు బండ్లలోకి పోతున్నాయి. 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వాళ్లు ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దని రోడ్డు మీద కూర్చున్నారు. స్వావలంబన అందరికీ కావాలి, దాని వాసన మాత్రం పక్కూరికి పోవాలి. వాళ్లను తప్పు పట్టను. ఆ వాసన ఎట్లా ఉంటుందో నీ దగ్గర మూడు రోజులు పీల్చినవాణ్ని.

నాలుగో రోజు అధికారులు జీపులో వచ్చారు. చిన్నాయన వాళ్లకు కుర్చీలు వేయించి, చిక్కటి చాయ్ పెట్టించాడు. వాళ్లు సీసాలో నీ నీళ్లు పట్టుకొని, వాసన చూసి, తలెత్తి నేరుగా రోడ్డు వైపు చూశారు. అక్కడ ఎగువన, రెండు వందల గజాల దూరంలో బంకు ఉంది. మేం రోజూ చూసేదే. నేలలో పూడ్చిన దాని టాంకు తుప్పు పట్టి చిల్లు పడింది. పెట్రోలు రాతి పగుళ్లు పట్టుకొని దిగి దిగి నీలో చేరింది.

అంటే కథ ఇది. ఎక్కడో గల్ఫ్ ఎడారిలో పుట్టిన నూనె ఓడెక్కి, రిఫైనరీలో కాగి, ట్యాంకర్ ఎక్కి, మా ఊరి బంకులో దిగి, చిల్లులోంచి కారి నీ నోట్లో పడింది. దాన్ని మేం స్వదేశీ అన్నాం. డాలర్లు పోసి కొన్న సరుకును మా నేలలో మేమే కనిపెట్టి, మూడు రోజులు పండగ చేసుకున్నాం. బావ ఏమీ అనలేదు. ఆ పూట పప్పు మాత్రం కొంచెం కారంగా వండాడు.

ఇంకొక్క సంగతి నీకు తెలియాలి. రెండు నెలలుగా స్టాకు తక్కువ వస్తోందని బంకు ఓనరు పంపు దగ్గర పనిచేసే పిల్లవాడికి దొంగతనం అంటగట్టి పంపించేశాడు. ఆ దొంగవు నువ్వు. టాంకు మార్చారు, నీకు బండ పెట్టారు, మాకు నెల రోజులు మంచినీళ్ల ట్యాంకర్ పంపారు. పిల్లవాణ్ని మళ్లీ పనిలోకి పిలిచారా అని కనుక్కున్నాను. పిలవలేదు.

పోయిన వారం నీకు దూరంగా, పడమటి గట్టున ఇంకో బోరు వేయించాం. మళ్లీ అదే కొబ్బరికాయ, మళ్లీ అదే నంబరు రిగ్గు, మళ్లీ అప్పు. రెండు వందల అడుగులు దాటాక బూడిదరంగు రాతిపొడి గుప్పలు గుప్పలుగా పైకి లేచింది. చిన్నాయన పరుగెత్తుకెళ్లి గుప్పెడు చేతిలోకి తీసుకున్నాడు. తడి తగిలిందా అని మేమంతా ఆయన మొహం వైపు చూస్తున్నాం. ఆయన మాత్రం ఆ గుప్పెడు పొడిని ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్లు మూసుకొని, గట్టిగా పీల్చాడు.

ఇట్లు,
నీ దగ్గర ఒక కూల్‌డ్రింక్ సీసా నింపుకొని, ఇంకా పారబోయలేకపోతున్న
చిన్నాయన అన్న కొడుకు