వారసత్వానికి ఒక దస్తావేజు లేఖరి విన్నపం

మహారాజశ్రీ ఇన్‌హెరిటెన్స్ గారి సముఖానికి,

విజయనగరం గంటస్తంభానికి కూతవేటు దూరంలో బల్ల వేసుకుని 22 ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్న లేఖరి నమస్కరించి రాసుకునే విన్నపం. మొన్నటిదాకా మీరెవరో నాకు తెలియదు. ఇంజినీరింగు రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి రాత్రిపూట జావా అనే కంప్యూటరు భాష పాఠం పైకి చదువుతుంటే తెలిసింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

క్లాసు, ఆబ్జెక్టు అంటే ఏమిటో ముందు బొబ్బిలి వీణతో చెప్పింది. ఆ వీణలు చేసే గొల్లపల్లి పనివాడి బుర్రలో ఉన్న కొలత క్లాసు: మెట్లు 24, తీగలు 7, మీటితే మోగాలి. ఆ కొలతతో పనస దుంగను తొలిచి తీసిన ప్రతి వీణా ఒక ఆబ్జెక్టు. కొలతను మీటితే మోగదు, వీణను మీటాలి. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత మీరు దిగారు.

"తండ్రి క్లాసులో ఉన్నవి పిల్ల క్లాసుకు వచ్చేస్తాయి నాన్నా. ఎక్స్‌టెండ్స్ అని ఒక్క మాట రాస్తే చాలు."

ఒక్క మాటా! నా బల్ల దగ్గర అదే పనికి వంశవృక్షం కావాలి, పాసుపుస్తకం కావాలి, నాలుగు వైపులా హద్దులు, ఇద్దరు సాక్షులు, దుబాయిలో ఉన్న మూడో కొడుకు అధికార పత్రం కావాలి. పైగా మీ దగ్గర తండ్రి పోనక్కరలేదట. వందమంది పిల్లలున్నా ఒక్కొక్కరికీ ఆస్తి మొత్తం దక్కుతుందట, తండ్రికి సెంటు కూడా తరగదట. నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు 1967 నాటి సిమ్యులా భాషలో మిమ్మల్ని పుట్టించారని అమ్మాయి చెప్పింది. ఆ దేశంలో అన్నదమ్ములు ఉండరా అని అడిగాను. నవ్వి ఊరుకుంది.

మీరు కొడుకా కూతురా అని అడగరు. మా రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, దేశమంతటా కూతుళ్లకు రావడానికి 2005 దాకా పట్టింది. ఈ విషయంలో మీకు దండం పెడతాను. మా చెల్లెలి కంట మాత్రం ఈ లేఖ పడకూడదు.

ప్రైవేట్ అని రాసినది పిల్ల చేతికి అందదట. పెట్టె పిల్ల ఇంట్లోనే ఉంటుంది, తాళంచెవి తండ్రి మొలతాడుకు ఉంటుంది. ఇది మా ఊళ్లలో చూసి నేర్చుకున్నట్టే ఉంది. తండ్రి చేసే పనిని అదే పేరుతో తన ఇష్టం వచ్చినట్టు చేయడం ఓవర్‌రైడింగ్ అట. మేము తలబిరుసు అంటాం.

నన్ను నిజంగా నవ్వించింది మీ వజ్రం సమస్య. సీ ప్లస్ ప్లస్ అనే ఇంకో కంప్యూటరు భాషలో ఒక క్లాసుకు ఇద్దరు తల్లిదండ్రులు ఉండవచ్చు. ఆ ఇద్దరూ ఒకే పెద్దాయన సంతానమైతే ఆ పెద్దాయన పిల్లలోకి రెండుసార్లు వస్తాడు. ఆయన్ని పిలిస్తే ఏ పెద్దాయన అని, రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ మొరాయిస్తుంది. వర్చువల్ అని రాస్తేనే ఒక్కడవుతాడు. జావా ఈ తలనొప్పి ఎందుకని ఒక క్లాసుకు ఒకే తండ్రి అని తీర్పు చెప్పేసింది. అయ్యా, దీన్ని మేము మేనరికం అంటాం! అటు నుంచీ ఇటు నుంచీ ముత్తాత ఒక్కడే. గోడకు ఒక్క ఫొటో వేలాడదీసి, దానికి ఒక్క దండ వేసి తరతరాలుగా నెట్టుకొస్తున్నాం.

రేపు పది గంటలకు ఇద్దరు అన్నదమ్ములు పంపకానికి వస్తున్నారు. 60 సెంట్ల జీడితోట, ఒక బావి. తోటను గీత గీసి విడగొడతాను, బావి దగ్గరే కలం ఆగుతుంది. మీ ఇంట్లో దీనికి మందు ఉంటుందేమోనని అమ్మాయిని అడిగాను. స్టాటిక్ అని ఒకటి ఉందట. క్లాసు మొత్తానికి ఒక్కటే, పిల్లలందరికీ ఉమ్మడి, ఒకడు ఖాళీ చేస్తే మిగతావాళ్లకూ ఖాళీయే. ఎంత చల్లని మాట! మీ ఇంట్లోనూ బావి తగవు ఉందన్నమాట. స్టాంపు కాగితాలు తెచ్చి ఉంచుతాను, సాక్షులను మీరే తెచ్చుకోండి.

ఇట్లు,
దస్తావేజు లేఖరి