గుమ్మడికాయ గాటుకు కట్టు కట్టకండి

నిన్నటితో ఆరోసారి వచ్చింది ఆ మెసేజి. మొదట గుణుపురం నుంచి మా బావ పంపాడు, ఆ తర్వాత పర్లాకిమిడి స్నేహితులు ఒక్కొక్కరూ. "పాదు మీది గుమ్మడికాయకు దెబ్బ తగిలిందా? పచ్చిపేడలో పసుపు కలిపి మెత్తి, పాలిథిన్ కవరు చుట్టండి. గంధకం పొడి చల్లండి. కాయను రోజూ తిప్పండి. పిందెకు వేలు చూపిస్తే కుళ్లుతుంది. ఏమీ లేకపోతే పొయ్యి బూడిదైనా చల్లండి. పదిమందికీ పంపండి." ఈ చివరి మాట మాత్రం అందరూ తప్పకుండా పాటిస్తున్నారు.

వేలు సంగతి ముందు తేల్చేస్తాను. పిందె పసుపెక్కి రాలిపోయేది చాలాసార్లు ఆడపువ్వుకు పుప్పొడి అందక. పొద్దున్నే మగపువ్వు కోసి అద్దండి, తర్వాత పది వేళ్లూ చూపించుకోండి.

రోజూ తిప్పితే తొడిమ విరుగుతుంది. కాయ కింద ఎండుగడ్డి వేస్తే చాలు. గంధకమా? గుమ్మడి జాతికి అసలే పడదు. మన ఏప్రిల్ ఎండలో చల్లితే ఆకులు మాడిపోతాయి.

ఇక ఆ పేడా, కవరూ. నాకు కడుపు మండేది ఇక్కడే. కిందటేడు వంశధార ఒడ్డున మా పాదులో కలుపు తీస్తుంటే బొరిగె తగిలి రెండు కాయలకు గాట్లు పడ్డాయి, బొటనవేలంత పొడుగు. ఒకదాన్ని అలాగే వదిలేశాను. గాటులోంచి జిగురు ముత్యాల్లా ఊరింది, సాయంత్రానికి గట్టిపడింది. పది రోజులకి అక్కడ బెరడులాంటి బూడిదరంగు మచ్చ కట్టింది. రెండోదానికి మా ఇంట్లోవాళ్లు పేడ మెత్తి కవరు కట్టారు. నాలుగోరోజు విప్పితే లోపల నీళ్లు కారుతున్నాయి, తెల్లటి బూజు, వేలు పెడితే దిగిపోయింది. ఆ కంపు ఇంకా గుర్తుంది.

గాటు ఆరితేనే కాయ తనంతట తాను మూసుకుంటుంది. తడి పట్టి ఉంచితే కుళ్లు పుట్టించే బూజుకీ, బాక్టీరియాకీ పక్క పరిచినట్టే. పచ్చిపేడలో అవి లేవనుకున్నారా? పైగా అది మనం తినే కాయ! సూది పోటంత రంధ్రం ఉండి జిగురు కారుతుంటే అది పండు ఈగ గుడ్లు పెట్టిన చోటు కావచ్చు. దానికి కట్టు కడితే పురుగుని లోపల పెట్టి పెంచినట్టు. అలాంటి కాయను కోసి, లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి.

బూడిద మాట మాత్రం ఒప్పుకుంటాను. మా అమ్మ చల్లుతుంటే ఏళ్ల తరబడి వద్దని వాదించాను. పొడి బూడిద కారిన చెమ్మను పీల్చుకుంటుంది, గాటు తొందరగా ఆరుతుంది. తప్పు నాదే. ఐతే వాన పడితే మళ్లీ తడిసి ముద్దవుతుంది, అప్పుడు దులిపెయ్యాలి.

గాటు గింజల దాకా దిగితే ఏ వైద్యమూ వద్దు, ఆ రోజే కోసి కూర వండుకోండి. మచ్చ కట్టిన కాయల్ని కోత తర్వాత విడిగా పెట్టి ముందుగా వాడేయండి, నిలవకు మంచివి ఉంచండి.

బావా, నీ పాదు మీద కవర్లు ఇంకా ఉంటే పొద్దుగూకేలోగా విప్పెయ్యి.