గోల్ కొట్టింది జాన్సనే, ఏ జాన్సన్?

అమెరికాలో హైస్కూల్ పిల్లలు మంచు మీద హాకీ ఆడటం మీద నాకే అభ్యంతరమూ లేదు. వయసు అలాంటిది, చలి అలాంటిది. నా ఫిర్యాదల్లా ఒక్కటే. రేపు ఈ చరిత్ర రాయబోయే నాలాంటి పరిశోధకుడి గతేంటన్న ఇంగితం ఆడే పిల్లలకూ లేదు, ఆడించే కోచ్‌లకూ లేదు, బడులు నడిపే పెద్దలకు అసలే లేదు.

రోడ్ ఐలండ్‌లో మౌంట్ సెయింట్ చార్లెస్ అని ఒక బడి ఉంది. మిగతా బళ్లన్నీ దాన్ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి. 1978 నుంచి 2003 దాకా వరసగా 26 ఏళ్లు రాష్ట్ర ఛాంపియన్ అదే. పరిశోధకుడి మీద ఇంత దయ చూపిన బడి ఇంకోటి లేదు. పేరు ఒక్కసారి రాసి, దాని కింద పాతిక సార్లు 'పైదే' అని పెట్టుకుంటే పావు శతాబ్దపు చరిత్ర భోజనాల వేళకి తయారు. ఎన్‌హెచ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ హాకీ లీగు జట్లు ఏటా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో మొట్టమొదటి ఎంపికగా వెళ్లిన ఇద్దరు అక్కడ చదివినవాళ్లే. 1983లో బ్రయన్ లాటన్, 1995లో బ్రయన్ బెరార్డ్. పేర్లు కూడా కలిసొచ్చాయి. ఇంగ్లీషులో స్పెల్లింగులు వేరన్న మాట నిజమే కానీ, అంత మంచి బడికి ఆ ఒక్క తప్పు కాయొచ్చు. ఆ 26 ఏళ్లూ ఓడిపోయిన పిల్లలెవరని మాత్రం అడక్కండి. అది మా పరిధిలోకి రాదు.

మిన్నెసోటా అలా కాదు. మొదట్లో బుద్ధిగానే ఉంది. అక్కడ రాష్ట్రస్థాయి టోర్నమెంటు 1945లో సెయింట్ పాల్‌లో మొదలైంది. తొలి కప్పు ఎవెలెత్ అనే ఇనుప గనుల ఊరిది. 1948 నుంచి 1951 దాకా నాలుగేళ్లు వరసగా మళ్లీ వాళ్లదే. ఆ జట్టులో జాన్ మయాసిచ్ అనే కుర్రాడు టోర్నమెంటులో ఆడిన 12 మ్యాచుల్లో 36 గోల్స్ కొట్టాడు. 1951లో అయితే ఒక్క మ్యాచిలోనే 7. గోల్ ఎవరిదో తేలకపోతే మయాసిచ్ పేరు రాసేస్తే చాలావరకు సరిపోయేదన్నమాట. ఇలాంటి ఆటగాడు పరిశోధకుడికి కొంగుబంగారం.

అంత చక్కగా నడుస్తున్న చరిత్రను పెద్దలు చెడగొట్టారు. గనుల్లో పనులు తగ్గాయి, ఊళ్లో పిల్లలు తగ్గారు. ఎవెలెత్ బడి గిల్బర్ట్ ఊరి బడితో కలిసి పేరు మధ్యలో అడ్డగీత తగిలించుకుంది. ఈమధ్య పక్క ఊరు వర్జీనియాతో కూడా కలిసి, రాక్ రిడ్జ్ అని కొత్త పేరు పెట్టుకుంది. తాతలు ఎవరిని ఓడించడానికి ప్రాణాలొడ్డి ఆడారో, మనవలు వాళ్లతో కలిసి ఒకే చొక్కా తొడుక్కుంటున్నారు. ఇప్పుడు పాత కప్పులు ఎవరి ఖాతాలో రాయాలి? ఊరి వాళ్లని అడిగితే చరిత్ర చెప్పరు, స్థలపురాణం అందుకుంటారు.

అదే రాష్ట్రంలో ఎడైనా అనే ఊరి వాళ్లది ఇంకో రకం. ఉన్న బడి చాలక 1972లో రెండోది కట్టి, ఈస్ట్ అనీ వెస్ట్ అనీ పంచుకున్నారు. 1981లో మళ్లీ కలిపేశారు. మధ్యలో 1974, 1978, 1979 కప్పులు 'ఎడైనా ఈస్ట్' పేరు మీద ఉండిపోయాయి. కోచ్ మాత్రం మొదట్నుంచీ చివరిదాకా విలర్డ్ ఇకోలానే. ఆయన మొత్తం 8 కప్పులు గెలిచాడు. ఆ లెక్క బడి పేరు పట్టుకుని వెతికితే తేలదు, మనిషిని పట్టుకుంటేనే తేలుతుంది. పైగా ఈ ఇకోలా ఎవరనుకున్నారు? కుర్రతనంలో ఎవెలెత్ గోల్‌కీపర్. ఒక ఊరి ఫైలు మూసి ఇంకో ఊరి ఫైలు తెరిస్తే అక్కడా ఈయనే!

ఇక పేర్ల సంగతి. స్వీడన్, నార్వేల నుంచి వలసొచ్చినవాళ్లతో నిండిన రాష్ట్రం. పాత పత్రికలో 'జాన్సన్ పాస్, జాన్సన్ గోల్' అని ఉంటుంది. ఇంటిపేరు తప్ప మరో ముక్క ఉండదు. అన్నదమ్ములో, ఎవరికెవరూ కానివాళ్లో దేవుడికెరుక. ఇది చాలదన్నట్టు సెయింట్ పాల్‌లో ఒక బడి పేరే జాన్సన్. 1980 ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టును ఓడించిన అమెరికా కోచ్ హెర్బ్ బ్రూక్స్ చదివింది అక్కడే, 1955లో ఆ బడికి కప్పు వచ్చినప్పుడు ఆడిందీ అక్కడే. ఇప్పుడు కంప్యూటర్లో పాత పత్రికలు తెరిచి 'జాన్సన్ హాకీ' అని వెతికి చూడండి. బడి, ఆటగాడు, రిఫరీ, పక్క కాలమ్‌లో ఫర్నిచర్ కొట్టువాడు, అందరూ ఒకేసారి పలుకుతారు.

పోనీ బడి ఏటా వేసే ఇయర్‌బుక్ చూద్దామా అంటే, టోర్నమెంటు మార్చిలో. పుస్తకం చాలాచోట్ల అంతకుముందే అచ్చుకెళ్లిపోతుంది. అందులో సీజన్ జనవరి దగ్గర ఆగిపోతుంది, 'ఈసారి మన కుర్రాళ్ల మీద చాలా ఆశలున్నాయి' అంటూ. మరుసటి ఏడాది పుస్తకం వచ్చేసరికి ఆ కుర్రాళ్లు బడి దాటేసి ఉంటారు. ఇక మిగిలేది జట్టు ఫోటో. రెండు వరసలు, బిగించిన మొహాలు, చివర్న టై కట్టుకున్న స్టూడెంట్ మేనేజరు. కింద 'ఎడమ నుంచి కుడికి' అని ఎనిమిది పేర్లు. ఫోటోలో తలలు తొమ్మిది. ఆ తొమ్మిదోవాడు ఎవరో కనుక్కోవడం కోసం జీవితాలు ధారపోసేవాళ్లున్నారు. వాళ్లకు పెన్షన్ ఇవ్వాలని నా ప్రతిపాదన.

చరిత్రలో మిగలాలంటే గెలవాలని అనుకుంటారు. గెలవలేకపోతే దెబ్బ తగిలించుకోవాలి, అదీ ఫైనల్లో. 1969లో ఎడైనా, వారోడ్ అనే ఊరి జట్టు మీద ఓవర్‌టైమ్‌లో, అంటే స్కోరు సమమైతే ఆడించే అదనపు ఆటలో, 5-4తో గెలిచింది. అది ఎడైనాకి మొదటి కప్పు. అయినా జనం ఇప్పటికీ చెప్పుకునేది ఆట మధ్యలో గాయపడి బయటికెళ్లిన వారోడ్ కుర్రాడు హెన్రీ బుషా గురించి. గెలుపు గోల్ ఎవరిదని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. జాన్సన్ అంటే నమ్మేస్తారు కూడా.

అమ్మాయిలు మాత్రం మాకు చాలా మేలు చేశారు. అంటే, వాళ్ల ప్రమేయమేమీ లేకుండానే. బాలికల హాకీకి మిన్నెసోటా గుర్తింపు ఇచ్చింది 1994లో. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. తొలి టోర్నమెంటు 1995లో. అబ్బాయిల తర్వాత సరిగ్గా 50 ఏళ్లకు! గుర్తింపు లేదు కాబట్టి రికార్డు లేదు. రికార్డు లేదు కాబట్టి ఆడలేదు. అర్ధ శతాబ్దం చరిత్ర ఒక్క వాక్యంలో తేలిపోయింది. చెరువుల మీద అన్నల స్కేట్లు వేసుకుని ఆడామని కొందరు బామ్మలు అంటుంటారు. వాళ్ల దగ్గర స్కోర్‌షీట్ ఉందా?

అబ్బాయిల వైపు ఆ సుఖం లేదు. 1992 నుంచి టోర్నమెంటును రెండుగా చీల్చి ఏటా ఇద్దరు ఛాంపియన్లను తయారుచేస్తున్నారు. దానికి తోడు 1996 సెమీఫైనల్. ఆపిల్ వ్యాలీ, డలూత్ ఈస్ట్ అనే రెండు బడులు ఐదు ఓవర్‌టైమ్‌లు ఆడి అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర తర్వాత గానీ ఇళ్లకు పోలేదు. ఆపిల్ వ్యాలీ గోల్‌కీపర్ కార్ల్ గోరింగ్ 65 షాట్లు ఆపాడు. ఒక్కటి వదిలేస్తే పత్రికలవాళ్లు వేళకి వార్త పంపేవాళ్లు, మాకు కత్తిరింపులు మిగిలేవి. తన బాధ తనదే గానీ ఇంకొకరి కష్టం పట్టలేదు. అదే రోజు పొద్దుగూకాక వాళ్లే ఫైనల్ కూడా గెలిచి ఇంకో పేజీ రాయించారు.

ఇప్పటి పిల్లలకు నా విన్నపాలు కొన్నే. ఒక ఇంటి నుంచి ఒక్కడే ఆడాలి. చొక్కా నంబరు సీజన్ మధ్యలో మార్చకూడదు. టోర్నమెంటులో పరిచయాలప్పుడు కెమెరా ముందు హెల్మెట్ తీసి జుట్టు ఎగరేసే పోటీ ఒకటి ఉంది, దాని మీద వీడియోలు కూడా వచ్చాయి. అది మానక్కర్లేదు. ఎవరి జుట్టు ఏ సంవత్సరం ఎంత పొడుగో మా దగ్గర ఇప్పుడు పక్కా ఆధారాలున్నాయి. ఆ జుట్టు జాన్సన్‌ది అయితే, మొదటి పేరు కూడా కాస్త చెప్పి వెళ్లండి.