50 మిల్లీలీటర్ల రాజప్రాసాదం

ముఖానికి రాసుకునే క్రీము కొన్నాను. అట్టపెట్టె సైజు చూసి ఇంట్లోవాళ్లు గోడగడియారం అనుకున్నారు. పెట్టెలో ఇంకో అట్ట, దాని నడుమ పీఠం, పీఠం మీద గాజు డబ్బా. బరువుకు భయపడి రెండు చేతులతో ఎత్తాను. మూత కింద ప్లాస్టిక్ బిళ్ల, బిళ్ల కింద వెండిరంగు రేకు. ఇన్ని ద్వారాలు దాటితే ఏ గర్భగుడిలోనైనా దర్శనం దొరుకుతుంది. నా వేలు మాత్రం రెండో కణుపు మునగకముందే గాజుకు తగిలింది.

అది అడుగు కాదు, గోపురం! మధ్యలో గాజు బోర్లించిన గిన్నెలా ఉబ్బి ఉంటే, క్రీము దాని చుట్టూ కోట కందకంలో నీళ్లలా పరుచుకుంది.

స్కేలు తెచ్చాను. మూత తీసేస్తే డబ్బా వెడల్పు 6 సెంటీమీటర్లు, ఎత్తూ 6. గోడ మందం 1 సెంటీమీటరు. గోపురాన్ని సరాసరి చేస్తే అడుగు మందం 2. బయటి కొలత ప్రకారం 170 మిల్లీలీటర్లు పట్టాలి, లోపల పట్టేది 50. మిగతా 120 గాజు. పైన పటారం, లోన లొటారం అన్న పెద్దలు లొటారాన్ని కనీసం ఖాళీగా వదిలారు. వీళ్లు దాన్నీ గాజుతో పూడ్చారు.

గాలి తగలకుండా పిస్టనుతో క్రీమును పైకి తోసే సీసాలో కొంత చోటు ఆ ఏర్పాటుకే పోతుంది, ఒప్పుకుంటాను. మూత తీసి వేలు ముంచే డబ్బాకు ఈ కవచం ఏ యుద్ధం కోసం?

‘పరిమాణం రాశాం కదా’ అంటారు. రాశారు, డబ్బా అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. పేరు మాత్రం బంగారు రంగులో ఉంటుంది. ఆ గోపురం దానంతటది మొలవలేదు. ఎవరో కూర్చుని, ఎంత ఉబ్బిస్తే కొనేవాళ్ల కంటికి చిక్కదో లెక్క వేసి, గీసి, అచ్చు పోయించారు. ఆ గాజు ఖరీదూ నా దగ్గరే వసూలు చేశారు. దీన్ని డిజైన్ అంటారట. కాదు, దొంగతనం. తూకంలో రాయి మార్చేవాడు ఇంతకంటే నయం, వాడికి పట్టుబడతానన్న భయమైనా ఉంటుంది.

డబ్బా మీద మూత తెరిచిన బొమ్మ, అందులో 12 అంకె ఉన్నాయి. తెరిచాక 12 నెలలు వాడుకోవచ్చని అభయం. నా క్రీము నెల తిరగకుండానే అయిపోయింది. నమ్మలేక డబ్బా ఎత్తి చూశాను. మొదటి రోజు ఎంత బరువుందో, ఇప్పుడూ అంతే.