అల్బుమిన్ సీసాతో బలం వస్తుందా?

ఐసీయూ బయట బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నవాళ్లకు ఆ చీటీ తెలుసు: అల్బుమిన్ 20 శాతం, 100 మి.లీ. మెడికల్ షాపులో ధర విని గుండె గుభేలుమన్నాక ఎవరో ఒకరు అంటారు, 'పోనీలే, బలం పట్టే మందట'. కాదు. సీసాలో ఉన్నది 20 గ్రాముల ప్రొటీన్. దాని పని తిండిది కాదు, నీటి కాపలాది.

అల్బుమిన్‌ది కొల్లాయిడ్ల జాతి, పాలలోని కేసిన్ లాగే. అడుగుకు దిగదు, ఉప్పులా చిన్న ముక్కలుగా కరిగిపోదు. 1861లో రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం గమనించింది ఇదే: పలుచటి పొర గుండా ఉప్పు, చక్కెర సులువుగా దాటిపోతాయి, జిగురు మిగిలిపోతుంది. ఇవాళ కిడ్నీ రోగుల నోట నలిగే 'డయాలిసిస్' మాట కూడా ఆయన పెట్టిందే. మెషీన్‌లో యూరియా పొర దాటుతుంది, అల్బుమిన్ దాటదు.

రక్తనాళాల్లోనూ అంతే. లోపల మిగిలిన అల్బుమిన్ నీటిని తనవైపు లాక్కుంటుంది. అది బాగా తగ్గితే కాళ్లకు నీరు దిగుతుంది. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి తీసి చూడండి, గుంట అలాగే ఉండిపోతుంది.

అలాంటప్పుడు ఐసీయూ రోగి నాళాల్లో నీరు నింపడానికి సెలైన్ బదులు కొల్లాయిడ్ ఎక్కిస్తే తక్కువతోనే పని అవుతుంది కదా? లెక్క ముచ్చటగానే ఉంది. ఒంట్లో మాత్రం కుదరలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో దాదాపు 7,000 మందిపై జరిగిన 'సేఫ్' అధ్యయనం (2004) ప్రకారం, అల్బుమిన్ ఇచ్చినా సెలైన్ ఇచ్చినా 28 రోజుల్లో మరణాలు ఇంచుమించు సమానం. తలకు దెబ్బ తగిలినవాళ్లలో అయితే అల్బుమినే చేటు చేసింది. ఇన్ఫెక్షన్ ముదిరితే నాళాల గోడలే కారతాయి. చిల్లుల కుండలో చిక్కటి మజ్జిగ పోసినా నిలవదు.

చవకగా వస్తుందని పిండిపదార్థంతో చేసిన కొల్లాయిడ్ కథ ఇంకా ఘోరం. 2012లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో తీవ్రమైన సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగులకు దాన్ని ఇస్తే 90 రోజుల్లో 51 శాతం మంది పోయారు. మామూలు ద్రావణం ఎక్కించినవారిలో 43 శాతమే. ఆ పిండి కొల్లాయిడ్‌ను మెచ్చుకుంటూ వరసగా రాసిన జర్మన్ డాక్టర్ యోఆకిమ్ బోల్ట్ పత్రాలను జర్నళ్లు పదుల సంఖ్యలో వెనక్కి తీసుకున్నాయి. యూరప్ 2022లో ఆ పిండి ద్రావణాల అనుమతినే నిలిపేసింది. పదేళ్లు పట్టింది!

అలాగని అల్బుమిన్ దండగ అనను. లివర్ చెడి పొట్టలో చేరిన నీటిని అయిదు లీటర్లకు మించి తీస్తే, తీసిన ప్రతి లీటరుకూ 6 నుంచి 8 గ్రాములు ఇవ్వాల్సిందే, లేకపోతే బీపీ పడిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. నాకు పేచీ రిపోర్టులో అల్బుమిన్ అంకె తగ్గిందని రాసే చీటీతోనే. సీసా ఎక్కించాక అంకె నాలుగు రోజులు పెరుగుతుంది. లోపలి జబ్బు అలాగే ఉంటే మళ్లీ దిగుతుంది, ఇంకో చీటీ వస్తుంది.