మేకకున్నపాటి హక్కు

2001లో కేంద్ర ప్రభుత్వం వధశాలల నియమాలు తెచ్చింది. అందులో ఒకటి నాకు బాగా నచ్చింది. వధశాలలో ఒక జంతువును మరో జంతువు కళ్ల ముందు వధించకూడదు. తోటి మేక మెడ మీద కత్తి పడుతుంటే చూడవలసిన దుస్థితి ఏ మేకకూ రాకూడదని దాని భావం. ఎంత సున్నితమైన మనసున్న అధికారి రాశారో గాని, ఆ వాక్యం చదివినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది. ఆ మేక కోరుకునేదే నేనూ కోరుకుంటున్నాను. నా కళ్ల ముందు వద్దు. మిగతాదంతా యథావిధిగా జరగనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.

అయితే ఈ రక్షణ నాకు వర్తించదట. ఈ నియమాలకు మూలమైన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్నదేదైనా అని నిర్వచించింది. ఆ ఒక్క 'తప్ప' నా కొంప ముంచింది. కనుక ప్రభుత్వానికి ఈ వ్యాసం ద్వారా నేను చేసుకునే విన్నపం ఒక్కటే. ఆదివారం ఉదయం ఏడు నుంచి పదకొండు వరకు, మాంసం దుకాణాల ముందు నిలబడినంతసేపు, మమ్మల్ని కూడా జంతువులుగా గుర్తించాలి.

మా సంఖ్య తక్కువేమీ కాదు. 2014 నాటి ప్రభుత్వ సర్వేలో, పదిహేనేళ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా తెలంగాణలో మాంసాహారులని తేలింది. ఆంధ్రప్రదేశ్ వెనకబడినది వెంట్రుకవాసి మాత్రమే. రాష్ట్రం విడిపోయిన ఏడాది లెక్క ఇది. నీళ్ల దగ్గర కుదరని ఏకాభిప్రాయం ముక్క దగ్గర కుదిరింది.

ముక్క లేనిదే ముద్ద దిగని జాతి మనది. అది దేనిలోని ముక్కో అడగని మర్యాద కూడా మనదే. ముక్క అన్నది నిజంగా గొప్ప మాట. దానికి కళ్లు లేవు, కాళ్లు లేవు, కూత లేదు. కోస్తాలో మేక మాంసాన్ని వేట మాంసం అంటారు. వేటట! స్కూటరుకు సంచి తగిలించుకుని వెళ్లి, కట్టేసి ఉన్న మేకను ఎదుర్కొనే సాహసానికి ఆ పేరు. తెలంగాణవారు ఇంకో అడుగు ముందుకు వేసి దాన్ని ఒట్టి 'కూర' అనేశారు, తోటకూర పక్కన కూర్చోబెట్టి.

మా వీధి చివరి చికెన్ దుకాణం ముందు ఒక ఆదివారం నిలబడి చూడండి, కోళ్లను కాదు, జనాన్ని. కుర్రవాడు జాలీలో చెయ్యి పెట్టేదాకా అందరూ అటే చూస్తుంటారు. "అది వద్దు, ఆ వెనకున్నది, బలంగా ఉన్నది" అని వేలుపెట్టి చూపిస్తారు కూడా. దాన్ని పట్టి కాటాలో పెట్టగానే, ఎవరో సైగ చేసినట్టు తలలన్నీ ఒక్కసారిగా పక్కకు తిరిగిపోతాయి. ఒకాయన ఫోనులో నిన్నటి సందేశాలు మళ్లీ చదువుతాడు. ఇంకొకాయన, తన పిల్లల చదువులైపోయి పదేళ్లయిన సంగతి మరచిపోయి, కరెంటు స్తంభం మీది కోచింగ్ సెంటర్ ప్రకటనను శ్రద్ధగా చూస్తాడు. నేను ధరల బోర్డు చదువుతాను. లైవ్ ఇంత, స్కిన్‌తో ఇంత, స్కిన్‌లెస్ ఇంత. పక్కన డ్రమ్ములోంచి దబదబమని చప్పుడు. అది ఆగేదాకా ఏ లెక్కన కొంటే ఎన్ని రూపాయలు మిగులుతాయో లోలోపల గుణిస్తూ ఉంటాను. గణితంలో నాకున్న ప్రావీణ్యమంతా ఆ డ్రమ్ము చలవే. చివరికి నల్ల సంచిలో వెచ్చగా ఏదో చేతికి వస్తుంది. ఆ వెచ్చదనం గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. (ఇది అబద్ధం.)

ఫారం కోడి ఆయుష్షు ఆరు వారాలు, అటూ ఇటూగా. మా ఇంట్లో ఆవకాయ జాడీ అంతకంటే దీర్ఘాయుష్మంతురాలు. కోడి ధర రోజూ పత్రికలో అచ్చవుతుంది గాని వయసు అచ్చు కాదు. అయినా మనలో జీవకారుణ్యం లేదనడం అన్యాయం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే, మా కాలనీలో సగం మందికి కోళ్ల మీద దయ పుట్టుకొచ్చింది. రెండు మూడు వారాల్లో తగ్గింది. దయ సంగతే చెబుతున్నాను.

గొర్రె కసాయివాడినే నమ్ముతుందని సామెత. గొర్రెను అనడమెందుకు, నేను నమ్ముకున్నదీ అతడినే కదా. అయినా కఠినాత్ముణ్ణి తిట్టాలంటే మన నోటికి ముందుగా వచ్చే మాట 'కసాయివాడు'. అతడు కోసింది మనకోసం. తిన్నవాడికి మాత్రం భోజనప్రియుడని బిరుదు. చీకటితో లేచి అతడు చేసే పని ఒక్క ఆదివారం నేను చేయవలసి వస్తే, సోమవారానికల్లా పప్పుచారుకు భక్తుడినైపోతాను. ఆ సంగతి అతడికీ తెలుసు. "చిన్న ముక్కలు కొట్టనా సార్?" అని అడిగేటప్పుడు అతడి గొంతులో నా మీద అదోరకం జాలి వినిపిస్తుంది.

మళ్లీ నియమాలకు వస్తాను. వధకు ముందు పశువైద్యుడు ప్రతి జంతువునూ పరీక్షించాలి, గంటకు 12కు మించి చూడకూడదు, రోజుకు 96కు మించకూడదు. అంటే తలకు ఐదు నిమిషాలు! కిందటి నెల మోకాలి నొప్పితో నేను వెళ్లినచోట డాక్టరుగారు నాకిచ్చింది నిమిషన్నర. మోకాలిని ముట్టుకోనైనా లేదు. కాగితం మీద మేకకున్న మర్యాద చూసి నాకు అసూయ పుట్టింది. కాగితం మీద అని ఎందుకన్నానంటే, పట్టణంలో లైసెన్సున్న వధశాలలో తప్ప ఎక్కడా జంతువును కోయకూడదని కూడా అక్కడే రాసి ఉంది. మా వీధిలో ఆ పని ఆదివారం వేపచెట్టు కింద జరుగుతుంది. చెట్టుకు లైసెన్సు ఉందో లేదో నేను విచారించలేదు. విచారించాలంటే తెల్లవారకముందే వెళ్లి నిలబడాలి, నిలబడితే చూడాలి. చూడకుండా ఉండే హక్కు కోసమే కదా ఈ పోరాటమంతా.

నాటుకోడి అయితే పాపం తక్కువని నా స్నేహితుల వాదం. అది పెంటకుప్ప కెలుక్కుంటూ, పురుగులు ఏరుకుంటూ హాయిగా బతికిందట. హాయిగా బతికినదాన్ని చంపితే పాపం ఎలా తగ్గుతుందో నాకు అంతుపట్టలేదు గాని, రుచి పెరుగుతుందని మాత్రం ఒప్పుకుంటాను.

ఆ రుచి కోసమే ఒక సంక్రాంతికి గోదావరి పక్కన మా పెద్దమ్మ ఊరు వెళ్లాను. కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండలు వేసి దండం పెట్టుకున్నాం. తెల్లవారితే ముక్కనుమ. అవే చేతులతో మసాలా నూరడానికి మనకు ఒక్క రాత్రి వ్యవధి చాలు. పెద్దమ్మ నా చేతుల్లో ఒక పుంజును పెట్టి, కత్తి తెస్తానని లోపలికి వెళ్లింది. అంతకుముందు నా చేతికి వచ్చిన కోళ్లన్నీ నల్ల సంచిలోనే వచ్చాయి. ఇది ఈకలతో వచ్చింది. మెడ పక్కకు తిప్పి ఒక కన్నుతో నన్ను చూసింది.

"పెద్దమ్మా, దీని గుండె దడదడా కొట్టుకుంటోంది" అని కేకేశాను.

"అది నీ గుండెరా" అంది లోపలినుంచి.

వచ్చి దాన్ని తీసుకుంది. ముక్కు తెరిచి గుక్కెడు నీళ్లు పోసింది. "ఎన్ని నెలలు నూకలు వేశానో దీనికి" అంది, ఎవరితోనూ కాదు. నన్ను అటు తిరగమంది. తను మాత్రం తిరగలేదు.

మధ్యాహ్నం అందరికీ వడ్డించి తనూ తింది. నాకు నాలుగో ముక్క దాకా చాలా బాధగా ఉంది. పక్కన గారెలు కూడా ఉండబట్టి తట్టుకోగలిగాను.

గాంధీగారు కుర్రతనంలో స్నేహితుడి మాట విని రహస్యంగా మేక మాంసం తిని, ఆ రాత్రి కడుపులో మేక అరుస్తున్నట్టనిపించి నిద్రపోలేకపోయానని రాసుకున్నారు. పెద్దమ్మ ఇంట్లో ఆ రాత్రి నేనూ చెవులు రిక్కించి విన్నాను. కడుపులో శబ్దాలు వచ్చిన మాట నిజమే గాని, వాటిలో కూత లేదు, మసాలా ఉంది. మహాత్ముడినయ్యే పరీక్షలో మొదటి మెట్టు మీదే తప్పాను.

ఆయన జయంతి నాడు మాంసం దుకాణాలు మూయించడం మన పట్టణాల్లో ఆనవాయితీ. 2025లో అదే అక్టోబర్ 2న దసరా వచ్చింది. తెలంగాణలో చాలా ఇళ్లలో దసరాకు కూర ఉడకకపోతే పండుగ వచ్చినట్టే కాదు. అహింసకూ ఆచారానికీ మధ్య ఈ తగువు ఎలా తెగుతుందోనని నేను మథనపడ్డాను. ఫ్రిజ్ తెంచేసింది. రెండో తేదీన మా ఇంట్లో ఎవరూ ఏ ప్రాణికీ హాని తలపెట్టలేదు. ఒకటో తేదీ రాత్రి ఉప్పు, పసుపు పట్టించి ఉంచినదాన్ని పొయ్యి మీదికి ఎక్కించాం, అంతే.

పోయిన ఆదివారం మటన్ దుకాణానికి వెళ్లాను. గుమ్మం ముందు ఒక మేకను కట్టేసి ఉంచారు, సరుకు తాజా అనడానికి సాక్ష్యంగా. దాని నెత్తి మీద కొక్కేలకు దాని బంధువులు వేలాడుతున్నారు. 2001 నియమాల అక్షరానికి ఇది తగులుతుందో లేదో గాని స్ఫూర్తికి తగులుతుంది. ఆ మాటే యజమానికి చెబుదామనుకున్నాను. కాని నా ముందు ఇంకా ఆరుగురు ఉన్నారు, కార్జం అయిపోయేలా ఉంది, గొడవ పెట్టుకునే సమయం కాదు. మేక దుకాణానికి వీపు పెట్టి, ఏదో రెమ్మ నములుతూ రోడ్డు వైపు చూస్తోంది. నేనూ దుకాణానికి వీపు పెట్టాను. ఇద్దరం పక్కపక్కన నిలబడి, వచ్చేపోయే బస్సులను చాలాసేపు చూశాం.

"సార్, మీకెంత?" అని వెనకనుంచి వినిపించింది.

తిరగకుండానే ఒక వేలు పైకెత్తాను. కిలో అని నోటితో చెప్పలేదు, పక్కన మేక ఉంది కదా.